రాములమ్మ మేకుకు వేలాడే అట్ట

ఉదయం తొమ్మిదిన్నరకు తార్నాక చౌరస్తాలో, టీ బండి దగ్గర ప్రొఫెసర్ ఇన్నయ్య సగం కప్పు తాగి కూలిపోయాడు. గుండెపోటన్నారు చుట్టూ చేరినవాళ్లు. వాళ్లు చేరకముందే ఎవరో ఆ కప్పు తీసుకుని వెళ్లిపోవడం రజిని చూసింది. ఆమె రోడ్డుకు అవతల ఉంది. సిగ్నల్ పడక ఆగిపోయింది.

క్యాంపస్ ల్యాబ్‌లో రజిని అటెండర్. అసలు ఉద్యోగం గూఢచర్యం. ఆ ఉద్యోగంలో ఆమెకు చీఫ్ అయిన రత్నాకర్, ఆమె చెవిలోని ఇయర్‌పీస్‌లో పలికాడు.

“ఉప్పు?”

“తగ్గింది.”

కోడ్ అదే. మనిషి పోయాడని.

“విను. మన ఏజెంట్ బాలరాజు అవతలి దేశపు సముద్రతీరంలో ఒక రాతిగుట్ట మీద ఉన్నాడు. అతని కోసం మనిషి లేని బోటు పంపాం. పదకొండింటికి అందుకోవాలి. ఆ తర్వాత పోటు నీళ్లు గుట్టను ముంచేస్తాయి. బోటుకు దారి చెప్పే సిగ్నల్ మీ ల్యాబ్ నుంచి, ఇన్నయ్య ఫిల్టర్ గుండా పోతోంది. ఆ ఫిల్టర్‌ను ఎవరో కెలికారని పొద్దున అతనే ఫోన్ చేశాడు.”

“ఎవరో కాదు సార్. మా ల్యాబ్‌లో డాక్టర్ వనజ. నిన్నంతా ఆ సీట్లో ఆమే ఉంది. కాఫీ కప్పులు కడిగింది నేనే.”

వనజ చేసింది చిన్న పని. సిగ్నల్ సెకనుకు పది అసలు శాంపిల్స్‌గా, అంటే విడివిడి విలువలుగా వస్తుంది. మధ్య ఖాళీలను ఇంటర్‌పొలేషన్ ఫిల్టర్ నింపుతుంది. వెనకటి విలువకు కాస్త కలిపి తర్వాతిది, దానికి కాస్త కలిపి ఆ తర్వాతిది. ఈ కూడిక నిలవుండే అక్యుమ్యులేటర్‌లో ఆమె చివరి బిట్లు, అంటే తోక అంకెలు కత్తిరించింది. ఒక్కో కూడికలో తప్పు వెంట్రుకవాసి. కానీ ఏదీ పోదు, అన్నీ పోగవుతాయి. పదకొండయ్యేసరికి బోటు నాలుగు కిలోమీటర్లు పక్కకు, వనజ మనుషులు కాచుకున్న చోటికి చేరుతుంది.

“సిగ్నల్ ఆపేస్తే?”

“రెండు సెకన్లు ఆగితే బోటు తనంతట తనే పేలిపోతుంది. మన డిజైనే. నడుస్తుండగా సరిచేసే కమాండ్ ఒకటుంది. అదేంటో ఇన్నయ్య ఫోన్‌లో చెప్పనన్నాడు. అందుకే నిన్ను టీ బండి దగ్గరికి పంపింది.”

రజిని ఫోన్ తీసి చూసింది. తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి ఇన్నయ్య పంపిన మెసేజ్. రెండే మాటలు: రాములమ్మ మేకు.

రాములమ్మ ఇన్నయ్య భార్య. భర్త ప్రొఫెసరైనా మాణికేశ్వర్ నగర్ ఇల్లు వదల్లేదు, పెళ్లినాటి కుట్టుమిషనూ మానలేదు. రజిని వెళ్లేసరికి ఆ మిషన్ మీదే ఉంది.

“ఏంది రజిని, గీ టైముకు? డ్యూటీ లేదా?”

“ఉన్నదక్కా. సార్ గీడ మేకు దగ్గర ఏదో చూడమన్నడు.”

“ఫోన్ చేస్తే ఎత్తుతలేడు. టీకని పోయి గంట దాటింది. నీకు కనవడ్డడా?”

“కనవడ్డడు.” అబద్ధం కాదు.

గోడ మేకుకు కాలర్ ఆకారంలో కత్తిరించిన ఖాకీ అట్ట వేలాడుతోంది.

“గా అట్టనా? పోయినేడు స్కూల్ యూనిఫాంలకు వంద కాలర్లు కోసిన. ఒకటి కోసి, దాని మీద పెట్టి ఇంకోటి, దాని మీద పెట్టి ఇంకోటి. ఆఖరుది పిల్లగాని మెడకు గాదు, ఎద్దు మెడకు పట్టేటట్టున్నది. మీ సార్ పడి పడి నవ్విండు. ‘నా ఫిల్టర్‌తోని గిదే తిప్పలే’ అన్నడు. గప్పుడు ఈ అట్ట కోసిచ్చిండు. ‘ప్రతిసారి దీని మీదికే రావాలె, కోసినదాన్ని నమ్ముకోకు’ అని.”

రజిని అట్ట తిప్పింది. వెనక పెన్సిల్ రాత. ‘అసలు శాంపిల్ వచ్చిన ప్రతిసారి అక్యుమ్యులేటర్‌ను దానితోనే కొత్తగా నింపు.’ కింద ఎనిమిది అంకెలు, ఆ కమాండ్.

“తీస్కపోతే ఊకోను. అది లేకుంటే నా చెయ్యి మళ్ల తప్పుతది.”

“ఫోటో చాలక్కా.”

“మీ సార్‌ను జల్ది రమ్మను. ఉప్మా సల్లగయితున్నది.”

రజిని తలూపింది. మెట్లు దిగి, ఎనిమిది అంకెలూ కంఠతా పడుతూ ల్యాబ్ దారి పట్టింది.

పది యాభై ఆరు. ల్యాబ్‌లో వనజ స్క్రీన్ ముందు కూర్చుని ఉంది. నెమలికంఠం రంగు పట్టుచీర, తల మీదికి నెట్టిన నల్ల కళ్లద్దాలు, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు. రెండు దేశాలకు పనిచేసే మనిషి. రెండు చోట్లా ఆమెకు మంచి పేరే.

“ఎక్కడికి పోయావు? పొద్దుట్నుంచి టీ లేదు.”

“టైలర్ దగ్గరికి మేడమ్.”

“ఇవాళేనా? ఇన్నయ్యగారు కూడా రాలేదు.” వనజ నవ్వు దాచుకోలేదు.

రజిని ఫ్లాస్కును కంప్యూటర్ పక్కన పెట్టింది. దాని పైసగంలో టీ, కిందిసగంలో ట్రాన్స్‌మిటర్. మూత తిప్పిన ప్రతిసారి కమాండ్‌లోని ఒక్కో అంకె ఫిల్టర్‌కు పోతుంది. ఒకటి. రెండు. మూడు.

“అంతసేపా?”

“మూత బిగుసుకుంది మేడమ్.”

ఏడో అంకెకు హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. “చెయ్యి తియ్.”

రజిని చెయ్యి తీసింది, ఎనిమిదోసారి తిప్పాక. పది యాభై తొమ్మిది దాటి యాభై సెకన్లు. స్క్రీన్ మీద దూరంగా జరిగిపోయిన రెండు గీతలు, అసలు సిగ్నల్‌దీ ఫిల్టర్‌దీ, ఒక్క వణుకుతో కలిసిపోయాయి.

వనజ ఆ గీత వైపు చాలాసేపు చూసింది. పిస్టల్ లోపల పెట్టుకుని, కొంగు సర్దుకుని లేచింది. “నన్ను ఆపవు. ఆపనివ్వరు. నీకూ తెలుసు.”

తెలుసు. అయినా పదకొండుంపావుకు రత్నాకర్ ఇయర్‌పీస్‌లో పలకగానే అడిగింది.

“బోటు పది నిమిషాలు లేటు. బాలరాజు మెడలోతు నీళ్లలోంచి ఎక్కాడు,” అన్నాడు రత్నాకర్. “వనజను పోనీ. ఆమె ద్వారా వచ్చే కబుర్లు మనకింకా కావాలి. ఇన్నయ్యది గుండెపోటే.”

“అక్కకు నేనేం చెప్పాలి సార్?”

“ఉప్పు సరిపోయింది,” అని లైన్ పెట్టేశాడు. పని ముగిసిందని కోడ్.

ఆఫీసు సూపరింటెండెంట్ కొమురెల్లి కాగితంతో వచ్చాడు. “గంటన్నర సీట్ల లేవు. మెమో. కారణం రాసి సంతకం పెట్టు. ఉన్నదున్నట్టు రాయి.”

రజిని ఉన్నదున్నట్టే రాసింది: టైలర్ దగ్గరికి వెళ్లాను.

కాసేపు ఆగి కింద ఇంకో లైను చేర్చింది: ఇప్పుడు మళ్లీ వెళ్లాలి.