సముద్రానికి నోరుందా?

"సముద్రమంటే మన బయ్యారం చెరువంత ఉంటదా?" అని అడిగింది నాయినమ్మ ఓదెమ్మ, పళ్లెంలో పప్పన్నం కలుపుకుంటూ.

శ్రీలత పకపకా నవ్వింది. "చెరువంతనా! నాయినమ్మా, దానికి అవతలి ఒడ్డే కనవడదు. మా సోషల్ బుక్‌ల ఉన్నది."

"అవతలి ఒడ్డు కనవడకపోతే, అది ఏడ అయిపోయిందో ఎట్ల తెలుస్తది?"

శ్రీలత నవ్వు ఆగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం. ఇంటిల్లిపాదీ అన్నాలకు కూర్చున్నారు. బాపు ఎల్లేశ్‌కు మార్కెట్ యార్డు ఎదురుగా ట్రాక్టర్ రిపేరు షాపు ఉంది. వడ్లు, పత్తి వచ్చే రోజుల్లో ఆయనకు తినడానికి కూడా తీరిక ఉండదు. ఈసారి డిసెంబర్ చివర మార్కెట్‌కు వరుసగా సెలవులు వచ్చాయి. బడికీ సెలవులే.

"మన ఊరు కేసముద్రం. పేర్ల సముద్రం పెట్టుకొని, ఇంట్ల ఒక్కలం కూడ సముద్రం చూడలే," అన్నాడు బాపు. "ఈ సెలవులకు పోదం. చీరాల పోతే, ఆడికెళ్లి వాడరేవు బీచ్ దగ్గరనే."

నాయినమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "నేను కూడనా?"

"నువ్వు లేకుంట ఎట్ల, అవ్వా?"

నాయినమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది కానీ నమలడం మరిచిపోయింది.

"రాత్రి రైలు ఉన్నది. తెల్లారేసరికి దిగుతం," అన్నాడు బాపు ఫోన్ చూస్తూ.

"వద్దు," అంది అమ్మ కరుణ. అమ్మ అంగన్‌వాడీ టీచర్. చిన్నపిల్లల సంగతి, అందులోనూ తన కొడుకు సంగతి, ఆమెకు బాగా తెలుసు. "రాత్రి నితిన్‌గాడు నిద్రపోడు. పొద్దుగాల సముద్రం కాడ ఏడుస్తనే ఉంటడు. పొద్దుటి రైలుకు పోదం. ఆ రాత్రి లాడ్జిల పండుకొని, తెల్లారి ఎండెక్కకముందే నీళ్ల కాడికి పోదం. తిండి మనదే. పులిహోర, సకినాలు కట్టుకపోదం."

"సరే మేడమ్," అన్నాడు బాపు. అందరూ నవ్వారు.

"ఇంకోటి. మడిమెల కన్న లోతుకు పిల్లలెవరు పోవద్దు. శ్రీలతా, తమ్ముని చెయ్యి నువ్వు పట్టుకోవాలె. నీళ్ల కాడ ఒక్క నిమిషం కూడ ఇడువద్దు."

శ్రీలత ముఖం ముడుచుకుంది. ఆమె మనసులో సముద్రం ముందు ఎవరూ లేరు. తానొక్కతే రెండు చేతులు చాచి, జుట్టు ఎగురుతుంటే, అలలకు ఎదురుగా ఉరుకుతోంది. ఆ బొమ్మలో చీమిడి ముక్కు తమ్ముడు లేడు.

ఆ సాయంత్రం నితిన్ గడప మీద కూర్చుని ప్లాస్టిక్ ట్రాక్టర్ నడుపుతున్నాడు. వాడికి నాలుగేళ్లు. శ్రీలత వచ్చి పక్కన కూర్చుంది.

"తమ్మీ, సముద్రానికి నోరుంటది, ఎరుకేనా?"

నితిన్ ట్రాక్టర్ ఆపేశాడు. "నోరా?"

"ఆఁ. నీళ్ల కింద. ఉరుముకుంట వస్తది. చిన్నపిల్లల కాళ్లు కనవడితే ముందుగాల నాకుతది. తర్వాత మింగుతది."

"బాపు కాళ్లు?"

"పెద్దోళ్లయి మింగది."

"నీయి?"

"నేను ఫిఫ్త్ క్లాస్ కదా. నాయి కూడ మింగది. అందుకే నువ్వు నాయినమ్మ కాడ దూరం కూసోవాలె. మంచిదేనా? ఇది ఎవ్వలకు చెప్పకు. చెప్తే సముద్రం ఇంటది."

నితిన్ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మెల్లగా వాటిని చొక్కా కిందికి లాక్కున్నాడు. అక్క చెప్పిందంటే వాడికి అది నిజమే. నడవడం, మాట్లాడడం, రైలు చప్పుడు చేయడం అన్నీ అక్కను చూసే నేర్చుకున్నాడు.

శ్రీలతకు కాస్త నవ్వొచ్చింది. కాస్త ఇంకోలా కూడా అనిపించింది. కానీ లేచి వెళ్లిపోయింది.

*

ప్రయాణం అమ్మ అనుకున్నట్టే జరిగింది. రైల్లో కృష్ణా నది మీదుగా పోతుంటే నాయినమ్మ కిటికీకి ముఖం ఆనించి, "గిదేనా సముద్రం?" అని అడిగింది. "ఇది కాదు అవ్వా," అన్నాడు బాపు.

మర్నాడు తెల్లవారకముందే అమ్మ అందర్నీ లేపింది. అందరూ బయల్దేరబోయేసరికి నితిన్ మంచం మీద కూర్చుని సాక్సులు తొడుక్కుంటున్నాడు. పైన బడి బూట్లు వేసుకున్నాడు.

"ఇసుకల బూట్లెందుకురా?" అంది అమ్మ.

"ఉండనీ."

"విప్పుదం పా."

"వద్దు!" అని నితిన్ రెండు చేతులతో బూట్లు గట్టిగా పట్టుకున్నాడు.

అమ్మకేమీ అర్థం కాలేదు. శ్రీలతకు అర్థమైంది. ఆమె గబగబా చున్నీ సర్దుకుని ఆటో వైపు నడిచింది.

సముద్రం ముందు కనిపించలేదు. వినిపించింది. ఆటో ఆగగానే, చీకటి వెనక నుంచి పెద్ద హోరు. వంద లారీలు ఒక్కసారి దుమ్ము రోడ్డు మీద వస్తున్నట్టు. కానీ లారీలు వెళ్లిపోతాయి. ఈ చప్పుడు వెళ్లిపోవడం లేదు.

"వచ్చింది!" అని కేక పెట్టాడు నితిన్. నాయినమ్మ చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకుని, గుక్కపట్టి ఏడవసాగాడు. బాపు ఎత్తుకుంటే తన్నాడు. అమ్మ బుజ్జగిస్తే ఇంకా గట్టిగా ఏడ్చాడు. "నా కాళ్లు! నా కాళ్లు!" అంటున్నాడు తప్ప ఏమైందో చెప్పడం లేదు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తి చూశాడు. "చంటోడు జడుసుకున్నాడండీ. ఆ పడవ చాటున కూర్చోబెట్టండి, గాలి తగలదు. మీరు మాత్రం ఇదిగో, ఈ ముందరే ఉండండి. అటుపక్కకి ఎల్లకండి, లోతుంటది."

"మీరు పోండి బిడ్డా," అంది నాయినమ్మ. "నేను పిల్లగాని కాడ కూసుంట."

"అవ్వా, నువ్వు చూడొద్దా?" అన్నాడు బాపు.

"సముద్రం ఏడికి పోతది? పోండ్రి, పోండ్రి."

ఆమె నితిన్‌ను తీసుకుని ఒడ్డుకు లాగి ఉన్న పెద్ద పడవ చాటుకు వెళ్లింది. అమ్మ కూడా వెనకే వెళ్లబోయింది. నాయినమ్మ చేత్తోనే వారించింది.

శ్రీలత చేయి ఇప్పుడు ఖాళీగా ఉంది. ఎవర్నీ పట్టుకోనక్కర్లేదు. ఆమె తడి ఇసుక దాకా పరుగెత్తి, ఆగిపోయింది.

ఎదురుగా అంతా బూడిదరంగు. నీళ్లేవో, ఆకాశమేదో తెలియడం లేదు. ఇంతలో దూరంగా, అన్నిటికంటే దూరంగా, సన్నటి ఎర్రటి గీత కనిపించింది. ఆ గీత మీద ఒక చుక్క. చుక్క కాస్తా గిన్నె అంచులా పెరిగింది. ఎర్రగా, గుండ్రంగా, నీళ్లు కారుతున్నట్టుగా సూర్యుడు సముద్రంలోంచి పైకి వచ్చాడు. వెంటనే ఆ చివరి నుంచి శ్రీలత కాళ్ల దాకా నీళ్ల మీద ఎర్రటి దారి పరుచుకుంది.

శ్రీలతకు ఉరకాలనిపించలేదు. చేతులు చాచాలనీ అనిపించలేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. సోషల్ పుస్తకంలో సముద్రం నీలం రంగు పెట్టెలా ఉంది. ఇది పుస్తకంలో పట్టదు. కేసముద్రం, బయ్యారం చెరువు, రైల్లో చూసిన కృష్ణ, అన్నీ తెచ్చి ఇందులో వేసినా దీనికి తెలియదు. ఇంత పెద్దది, ఎక్కడెక్కడి నుంచో వచ్చి, తన మడిమెల దగ్గర మెత్తటి నురుగై ఆగిపోతోంది.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో తెలియదు.

"నాయినమ్మా! చూడు!" అని అరుస్తూ వెనక్కి తిరిగింది.

నాయినమ్మ చూడడం లేదు. పడవ పక్కన, సముద్రానికి వీపు పెట్టి కూర్చుని ఉంది. నితిన్‌కు సముద్రం కనిపించకుండా కొంగు అడ్డం పట్టింది. వాడి వీపు మీద మెల్లగా తడుతోంది. ఆమె వెనక అంత పెద్ద ఎర్రటి వెలుగు పరుచుకుని ఉంది. ఆమె ముఖం మీద మాత్రం పడవ నీడే ఉంది.

శ్రీలతకు ఆ రోజు పళ్లెం ముందు నమలడం మరిచిపోయిన నాయినమ్మ గుర్తొచ్చింది. మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోవాలి. మళ్లీ ఎప్పుడొస్తారో!

"శ్రీలతా, దా! అల వస్తుంది, ఎగురుదం!" అని పిలిచాడు బాపు. బాపూ అమ్మా చిన్నపిల్లల్లా నవ్వుతున్నారు.

"ఇప్పుడే వస్త బాపూ," అని శ్రీలత పడవ వైపు నడిచింది.

నాయినమ్మ ముందు నిలబడింది.

"నాయినమ్మా, నేనే చెప్పిన వానికి. సముద్రం కాళ్లు మింగుతదని. వాని చెయ్యి పట్టుకోబుద్ధిగాక చెప్పిన."

నాయినమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. తిట్టలేదు. "నాకెందుకు చెప్తున్నవు బిడ్డా? వానికి చెప్పు."

శ్రీలత ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుంది. "తమ్మీ, నేను అబద్ధం చెప్పిన. సముద్రానికి నోరు లేదు."

నితిన్ కొంగులోంచి ఒక కన్ను బయటపెట్టాడు. వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "మెల్లగ మాట్లాడు అక్కా. ఇంటది."

ఒక్క మాటతో పెట్టిన భయం, ఇంకో మాటతో పోయేలా లేదు. శ్రీలత లేచింది.

"నేను పోయి నా కాళ్లు చూపిస్త దానికి. నువ్వు ఈడికెళ్లే చూడు."

వెళ్లి అలలో నిలబడింది. నీళ్లు మడిమెలు కప్పేశాయి. పడవ అంచు నుంచి నితిన్ తల బయటికొచ్చింది. అల వెనక్కి పోగానే శ్రీలత పరుగున వచ్చి కాళ్లు చాపింది.

"లెక్కపెట్టు. అన్నీ ఉన్నయా?"

నితిన్ ఒక్కో వేలునూ ముట్టుకున్నాడు. చిటికెన వేలు దగ్గర కాస్త అనుమానంగా ఆగి, లాగి చూశాడు. "ఉన్నయి," అన్నాడు.

మళ్లీ వెళ్లింది. మళ్లీ వచ్చింది. నితిన్ మళ్లీ లెక్కపెట్టాడు. ఈసారి తడి ఇసుక దోసిట్లో పట్టుకొచ్చింది. ఇంకోసారి చిన్న గవ్వ తెచ్చింది. నితిన్ గవ్వను చెవి దగ్గర పెట్టుకుని, వాసన చూసి, జేబులో వేసుకున్నాడు.

"ఇంక జర ముంగటికి కూసుందమా? నాయినమ్మ కూడ వస్తది."

ముగ్గురూ పడవ దాటి వచ్చారు. నితిన్ ఏడుపు ముఖం పెట్టగానే శ్రీలత ఆగింది. వాడు మామూలుగా అయ్యాక మళ్లీ కొంచెం ముందుకు. బాపు ఇంకోసారి పిలిచాడు. శ్రీలత చేయి ఊపి, అక్కడే కూర్చుంది.

ఎండ మెల్లగా పసుపు రంగులోకి మారింది. ఒక పొడవాటి అల, అన్నిటికంటే ముందుకు జారుకుంటూ వచ్చి, వాళ్లకు కాస్త ముందు ఆగింది. దాని అంచున నురుగు బుడగలు చిట్‌చిట్‌మని పగిలిపోయాయి.

నితిన్ చాలాసేపు చూశాడు. తర్వాత కాలు చాపాడు.

"బూటు విప్పక్కా."

శ్రీలత బూట్లు విప్పింది. సాక్సులు తీసింది. వాడి చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. తర్వాతి అల వచ్చి వాడి పాదాలను కప్పింది. నితిన్ కీచుమని అరిచాడు. అల వెనక్కి పోతుంటే కిందికి చూసి నోరు తెరిచాడు.

"అక్కా! కాళ్ల కింద ఇసుక ఉరుకుతుంది!"

నాయినమ్మ అప్పటికి లేచి నిలబడింది. చీర కొంచెం ఎత్తి పట్టుకుని, కొత్త ఇంట్లోకి అడుగు పెడుతున్నట్టు నీళ్లలోకి నడిచింది. వంగి దోసిలి నింపుకుంది. కళ్లకద్దుకుని తల మీద చల్లుకుంది. చివరికి నాలుక మీద ఒక చుక్క వేసుకుంది.

"ఓ అమ్మా... గిదంత ఉప్పేనా!" అంది. అవతలి ఒడ్డు లేని ఆ నీళ్ల వైపే చూస్తూ నిలబడిపోయింది.

అమ్మ తడిసిన చీరతో దగ్గరికి వచ్చింది. "శ్రీలతా, నేను వాణ్ని పట్టుకుంట. నువ్వు పోయి బాపుతోని ఎగురుపో."

"వద్దమ్మా. నేనే పట్టుకుంట. నువ్వు నాయినమ్మ కాడ నిలబడు."

నితిన్ చేయి ఆమె అరచేతిలో చల్లగా, ఇసుకగా ఉంది. వాడు దూరంగా, నీళ్లూ ఆకాశమూ కలిసే చోటికి వేలు చూపించాడు.

"అక్కా, గీ నీళ్లన్ని ఏడికెళ్లి వస్తున్నయి?"

శ్రీలత నోటికి ఏదో ఒక కట్టుకథ వచ్చింది. బయటికి అనలేదు. వాడి పక్కనే తడి ఇసుకలో కూర్చుంది.

"నాకు తెల్వది తమ్మీ," అంది. "దా, ఇద్దరం చూద్దం."