తెంపని దారం

ఇంజిన్ అబద్ధం చెప్పదు, చెప్పేదల్లా బండివాడే అని మా షెడ్డులో రోజుకోసారైనా అంటుంటాను. "మొన్ననే ఆయిల్ మార్చానండీ" అంటాడొకడు. మూత తీసి చూస్తే లోపల తారు. "నేను నెమ్మదిగానే నడుపుతానండీ" అంటాడింకొకడు. వాడి క్లచ్ ప్లేటు కాలిన వాసన వీధి చివరిదాకా కొడుతుంటుంది. అందుకే మనుషుల మాట ఒక చెవితో విని, రెండో చెవి ఇంజిన్‌కి ఇస్తాను. నిజంగానే ఇస్తాను. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ ఒకటుంది నా దగ్గర. దాని కొన ఇంజిన్ మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే, లోపల ఏ ముక్క మూలుగుతోందో ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకో పట్టింపు కూడా ఉంది. పాడైన ముక్క ఏది తీసినా, బండి గల మనిషి చేతిలో పెట్టే పంపుతాను. "ఇదిగో నాయనా, నిన్ను ఏడిపించింది ఇదే" అని. రోగం కళ్ళారా చూసుకుంటేనే మనిషికి నిద్ర పడుతుంది. ఇన్నేళ్ళలో ఆ మాట తప్పలేదు.

ముందు గదిలో సామాన్ల కౌంటరు మా ఆవిడది. నోరు కూడా ఆవిడదే. ఆ రోజు మధ్యాహ్నం నుంచీ వాన. పని లేదు. ఆవిడ నా చొక్కా వంక చూసి మొదలుపెట్టింది.

"ఆ రెండో గుండీ ఊడి ఎన్నాళ్ళయిందండీ? ఛాతీ చూపించుకుంటూ తిరగడానికి ఇంకా కుర్రాడిననుకుంటున్నారా? వీధిలో పిల్లలు తాతా అని పిలుస్తున్నారు మిమ్మల్ని."

"నువ్వు కుట్టి పెట్టొచ్చుగా?"

"సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు కనపడి చావొద్దూ!"

ఇద్దరం నవ్వుకున్నాం. మాకు పిల్లల్లేరు. తాతా అని పిలిచేది వీధిలో వాళ్ళే, అదీ వెక్కిరించడానికే. అయినా ఆ పిలుపు నాకు బాగానే ఉంటుంది. ఆ సంగతి మా ఆవిడకి చెప్పలేదనుకోండి.

అప్పుడొచ్చింది ఆ పాత తెల్ల కారు. దిగినతను బక్కపల్చగా ఉన్నాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీసి రావడం మర్చిపోయినట్టున్నాడు. టైలరన్నమాట.

"నడుస్తూ నడుస్తూ ఆగిపోతుందన్నా. కాసేపు వదిలేస్తే మళ్ళీ అదే స్టార్టవుతుంది."

"ఇదివరకు ఎవరికైనా చూపించావా?"

"చూపించని వాళ్ళు లేరు. ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు, పెట్రోలు పంపు కొత్తది వేశారు. కార్బురేటరు కడిగారు. ఇప్పుడు బండి బాగుందనే అంటారంతా."

నాకు ఒళ్ళు మండింది. "బాగున్న బండిని నేనేం చెయ్యను తమ్ముడూ, ముద్దు పెట్టుకోనా?"

అతను నవ్వలేదు. కారు వెనక తలుపు మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు. "ఇది ఆగిపోబట్టే మా పాప పోయిందన్నా."

కౌంటరు దగ్గర మా ఆవిడ లేచి నిలబడింది.

పాపకి ఆయాసం ఉండేదట. ఒకరోజు ఇంకా తెల్లవారకముందే ఎక్కువైంది. తల్లి ఒళ్ళో పడుకోబెట్టి ఆసుపత్రికి బయల్దేరారు. ఇళ్ళూ మనుషులూ లేని చోట బండి ఆగింది. ఇతను తాళం తిప్పాడు, తిప్పాడు, తిప్పుతూనే ఉన్నాడు. ఎంతకీ కదలకపోతే పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తాడు.

"చేరలేకపోయానన్నా. మర్నాడు బండి కోసం వెళ్ళి తాళం ఇలా తిప్పానో లేదో, స్టార్టయింది."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం చూడలేకపోయాను.

"అమ్మేయమంటున్నారు అందరూ. ఎందుకాగిందో తెలియకుండా ఎలా అమ్మను? మా ఆవిడ నన్ను ఒక్క మాట అడగదు. తిడితే బాగుండు. తిట్టదు. ఆ రోజు నేను చెయ్యాల్సింది ఏదైనా ఉండి, తెలియక వదిలేశానా? నువ్వు బండి బాగుచెయ్యకపోయినా ఫర్వాలేదన్నా. అదొక్కటి చెప్పు చాలు."

బండి లోపలికి తోయించాను. వెనక సీటుకి అతను సొంతంగా కుట్టిన తొడుగు ఉంది. అంచంతా పసుపుపచ్చ గుడ్డ. నేను దాని వంక చూడటం చూసి అతనే చెప్పాడు.

"పాప ఫ్రాకులో మిగిలిన గుడ్డన్నా. ఆ ఫ్రాకు గుండీలకి కూడా అదే గుడ్డ తొడిగాను. వాటిని కుట్టింది మాత్రం తనే, వంకరటింకరగా. కుట్టడం వచ్చు గానీ దారం తెంపడం రాదు దానికి. సూది పట్టుకొచ్చి 'నాన్నా, తెంపు' అని ఎదురుగా నిలబడేది. నేను పళ్ళతో తెంపేవాణ్ణి." తొడుగు అంచు సవరించాడు. "ఒక గుండీ ఎక్కడో పారేసుకుంది. అడిగితే తల దించుకునేది. చివరికి ఆ ఫ్రాకు తొడిగే పంపించాం. ఒక గుండీ లేకుండానే."

బానెట్ ఎత్తాను.

స్టార్ట్ చేయించాను. ఇంజిన్ పిల్లిలా గుర్రుమంటూ చక్కగా తిరుగుతోంది. ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూశాను, ఏ సిలిండరుకీ వంక పెట్టడానికి లేదు. సరే, ఆగేదాకా ఆగుదాం అని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. వాన జోరందుకుంది. పగలే చీకటి పడ్డట్టయింది. కరెంటు పోయింది. రేకుల మీద వాన హోరు తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

ఉన్నట్టుండి ఇంజిన్ ఒకసారి ఎగశ్వాస తీసింది. ఇంకోసారి. ఆగిపోయింది.

టార్చి వేసి ప్లగ్గు వైరు కొన ఇనుముకి దగ్గరగా పెట్టాను. టైలరు తాళం తిప్పాడు. నీలంగా నిప్పురవ్వ పడింది. ప్లగ్గులకి కరెంటు సరిగానే అందుతోంది. కార్బురేటరు దగ్గర గొట్టం ఊడదీశాను. మళ్ళీ తిప్పించాను. పెట్రోలు చుక్క రాలేదు. పంపు కొత్తది, గొట్టాల్లో పగుళ్ళు లేవు. అడ్డం ఏదో ట్యాంకులోనే ఉండాలి.

వెనక్కి నడిచాను. అక్కడ పెట్రోలు వాసనతోపాటు ఇంకో వాసన. పసిపిల్లలకి ఛాతీకి రాసే మందు వాసన. టైలరు దగ్గర ఉందేమోలే అనుకుని కారు కిందకి దూరాను. స్క్రూడ్రైవర్ కొన ట్యాంకుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను.

"తిప్పు తమ్ముడూ!"

చెవిలో సన్నగా ఈల. ఆయాసంలో పిల్లికూతలు పట్టినప్పుడు వచ్చే చప్పుడు. పెట్రోలు అందక పంపు పీల్చుతుంటే అలాగే వస్తుంది, వింతేమీ కాదు.

"ఇక చాలు, ఆపు!"

అతను ఆపాడు.

చెవిలో చప్పుడు ఆగలేదు.

ఇంజిన్ తిరగడం లేదు. పంపు తిరగడం లేదు. కానీ లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు... ఆగుతున్నారు... మళ్ళీ పీలుస్తున్నారు. పీల్చడమే. వదలడం లేదు. స్క్రూడ్రైవర్ తీసేద్దామనుకున్నాను. తియ్యలేకపోయాను.

"తాతా..."

చటుక్కున తీసేశాను. వాన చప్పుడు. అంతే. పైన సీట్లో టైలరు ముక్కు చీదుకుంటున్నాడు. నా చెవులే పాడయ్యాయనుకున్నాను. వయసు అయిపోయింది వెధవది, అనుకున్నాను. మళ్ళీ పెట్టాను.

"తాతా... నాన్నకి చెప్పొద్దు."

"ఏం చెప్పొద్దమ్మా?" నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ మాట. గుసగుసగానే వచ్చింది.

ట్యాంకు అడుగున ఏదో చిన్నది టిక్‌మని దొర్లింది.

బయటికొచ్చేసరికి నా చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. ట్యాంకు దించాలి, టీ తాగిరా అని టైలర్ని మా ఆవిడ దగ్గరికి పంపాను. వెళ్తూ వెళ్తూ అతను అన్నాడు. "ట్యాంకు మూత కాస్త వదులన్నా. పెట్రోలు పోయించేటప్పుడు తియ్యడం, పెట్టడం మా పాప పనే. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ఇంటి దగ్గర బండి ఆగి ఉన్నా దాంతోనే ఆడుకునేది."

ట్యాంకు దించి, ఉన్న పెట్రోలంతా టబ్బులోకి వంచాను. చివర్లో ఒక చిన్నది జారి పడింది. గుడ్డ తొడిగిన గుండీ. పసుపుపచ్చది.

అరచేతిలో పెట్టుకుని చూస్తే అంతా అర్థమైంది. ఆడుకుంటూ ఆడుకుంటూ మూత తీసి అందులో వేసింది. నాన్న కేకలేస్తాడని చెప్పలేదు. పెట్రోలు పీల్చే గొట్టం ట్యాంకు అడుగు దగ్గరే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి ఈ గుండీ దొర్లి దాని నోటికి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆగి, పీల్చడం ఆగాక మెల్లగా ఊడి కింద పడుతుంది. బండి మళ్ళీ మామూలే. అతను ఆ రోజు తాళం తిప్పడం మాని కాసేపు ఊరుకుని ఉంటే, అదే ఊడిపోయేది. పిల్ల చేసిందీ, తండ్రి చేసిందీ కలిసి... అయ్యో. ఇది ఏ తండ్రి చేతిలో పెట్టేది?

"ఏమైనా దొరికిందా అన్నా?"

వెనకే నిలబడి ఉన్నాడు. గుప్పిట మూశాను.

అతని కళ్ళు నా చేతి మీదే ఉన్నాయి. నా వెనక ఎక్కడో, వాన చప్పుడులో, మళ్ళీ ఆ పీల్చడం. పీల్చి, బిగబట్టి ఉండిపోవడం. తప్పు చేసిన పిల్లలు తలుపు చాటున అలాగే నిలబడతారు.

"దొరికింది. ఉండు, చూపిస్తా" అని పాత సామాన్ల కుప్ప వైపు వెళ్ళాను. లోపల పొర ఊడిపోయిన పాత రబ్బరు గొట్టం ముక్క ఒకటి ఏరి, పెట్రోల్లో ముంచి, తెచ్చి అతని చేతిలో పెట్టాను.

"ఇదిగో. ట్యాంకు దగ్గరి గొట్టం. లోపలి పొర ఊడి తలుపులా మూసుకుంటోంది. పైకి కొత్తదానిలా ఉంటుంది. దించి కోస్తే తప్ప ఎవరికీ తెలియదు. ఆ చీకట్లో, రోడ్డు మీద, నువ్వు కాదు కదా నేనున్నా చెయ్యగలిగేదేమీ లేదు."

"నిజంగానా అన్నా?"

"నీ తప్పు కాదు. ఎవరి తప్పూ కాదు తమ్ముడూ."

అతను ఆ ముక్కని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత అక్కడే గచ్చు మీద కూర్చుని భోరున ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేమిటి. అతని భుజం పట్టుకుని ఉండగా, నా వెనక ఎవరో ఇన్నాళ్ళుగా బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలారు. మెడ మీద వెచ్చగా తగిలింది. తిరిగి చూడలేదు నేను.

ట్యాంకు మళ్ళీ ఎక్కించి, గొట్టాలు బిగించి బండి ఇచ్చేశాను. అతను ఆ రబ్బరు ముక్కని జేబులో పెట్టుకున్నాడు. "మా ఆవిడకి చూపిస్తానన్నా. ఇవాళైనా మాట్లాడుకుంటాం" అన్నాడు. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. కారు సందు తిరిగేదాకా చూసి, గుండీని నట్ల డబ్బాలో అడుగున వేసి మూత బిగించాను.

మా ఆవిడ టార్చి పట్టుకుని వచ్చింది. "ఆ గొట్టం మన కుప్పలోది కాదూ?"

ఆవిడ దగ్గర దాగేదేముంది. అంతా చెప్పాను, ఆ గొంతు సంగతి కూడా. వెక్కిరిస్తుందనుకున్నాను. వెక్కిరించలేదు.

"మంచి పని చేశారు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఏదీ, ఆ గుండీ ఒకసారి చూపించండి."

డబ్బా మూత తీసి నట్లన్నీ గుడ్డ మీద పోశాను. లేదు. ఒక్కొక్కటే పక్కకి తోస్తూ వెతికాను. లేదు.

"ఏమండీ..." ఆవిడ గొంతు మారిపోయింది. టార్చి నా ఛాతీ మీదికి తిప్పింది. "ఇది ఎవరు కుట్టారు?"

తల వంచి చూసుకున్నాను. నా చొక్కాకి రెండో గుండీ ఉంది. పసుపుపచ్చది. ఇంకా పెట్రోలు తడి ఆరలేదు. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి.

దారం తెంపలేదు.

గుండీ నుంచి సన్నటి తెల్లదారం నా పొట్ట మీదుగా కిందకి జారి, గచ్చు దాటి, గడప దాటి, బయట వానలోకి పోయింది. కారు వెళ్ళిన వైపుకి కాదు. షెడ్డు పక్కకి, గోడ చాటుకి.

మా ఆవిడ కౌంటరు మీది కత్తెర అందుకుంది. "తెంపనా?"

"వద్దు" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు.

దారం బిగిసింది. చొక్కా ఒక్కసారి ముందుకి లాగినట్టయింది, పిల్లలు పిలవడానికి లాగినట్టు. మా ఆవిడ చాలాసేపు గడప వైపే చూసింది. తర్వాత కత్తెర కింద పెట్టేసి, నాకు మాత్రమే వినపడేలా అంది.

"తడుస్తోందండీ పిల్ల."

ఛాతీకి రాసే మందు వాసన లోపలికొచ్చింది.

దారం వదులైంది... ఇంకా వదులవుతూనే ఉంది.