నాలుగు వందల వేగం

మెకానిక్ నూకరత్నం రెండో మెమరీ పలకను ఊడదీసి, దాని బంగారు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఉఫ్ మని ఊది, మళ్ళీ గాడిలో నొక్కింది. టిక్కుమంది. నాలుగో పలకకూ అదే సేవ చేసి, పెట్టె మూత వేయకుండానే మీట నొక్కింది.

ఇళ్ళ గుట్టు వార్డు దాటకూడదన్న చట్టం వచ్చాక సామర్లకోటలో ప్రతి విడిచీటి కేంద్రానికీ సొంతంగా ఒక బల్ల కంప్యూటరు ఉండాల్సి వచ్చింది. విడిపోదామని వచ్చిన జంట ఇంటి గోడకుండి అన్నీ వినే ఇంటిచెవిలో ఏళ్ళ తరబడి పోగైన మాటలన్నీ అది తన మెమరీలోకి ఎక్కించుకుని, తూచి, తీర్పు చెప్పేది. మొన్న సోమవారం దాకా ఆ పని అరసెకనులో అయిపోయేది. సోమవారం యంత్రాన్ని నడిపే ఫర్మ్‌వేర్‌కు అప్‌డేట్ వచ్చింది. అప్పటి నుంచి పన్నెండు వేలు ఉండాల్సిన మెమరీ వేగం నాలుగు వందల దగ్గర చతికిలబడింది. హాల్లో ముప్పై ఎనిమిది జంటలు ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఉన్నాయి.

“మధ్యాహ్నంలోగా బాగవకపోతే నీ లైసెన్సు నా చేతిలో ఉంటుంది,” అని జోనల్ అధికారి చిట్టెబ్బాయి పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు.

పరీక్షకని నూకరత్నం మొదటి టోకెన్ వాళ్ళని పిలిచింది. రిత్విక్ గారు, సహస్రమ్మ గారు. అరవై దాటిన మనుషులు. దరఖాస్తులు విడివిడిగా రాసినా కారణం మాత్రం ఇద్దరూ ఒకటే రాశారు: ‘నా మాట వినిపించుకోరు.’

పలకలు తుడిచినా లాభం లేకపోయింది. పూర్తి వేగంలో కంటికి అందని వాళ్ళ కాపురం ఇప్పుడు తెర మీద ఒక్కో వరుసే పాకుతూ వచ్చింది.

‘రెండో ఏడు. భార్య: ఫ్యాను కిర్రుమంటోంది. భర్త: రేపు చూస్తా.’

‘మూడో ఏడు. భార్య: ఫ్యాను. భర్త: రేపు.’

“చూశావామ్మా? రాతపూర్వకంగా ఉంది,” అంది సహస్రమ్మ విజయగర్వంతో.

“ఆరో ఏడు రానీ. నా స్కూటరు అడక్కుండా మీ తమ్ముడికిచ్చావు. అదీ ఉంటుంది,” అన్నాడు రిత్విక్.

ఉంది. ఆ వెనకాలే తొమ్మిదో ఏడు వచ్చింది.

‘భర్తకు జ్వరం. నిద్రలో ఉన్నాడు. భార్య, మెల్లగా: ఈ మనిషికేమన్నా అయితే నేనెవరితో పోట్లాడను?’

రిత్విక్ కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివాడు. “ఇది నాతో ఎప్పుడన్నావే?”

“మీరు నిద్రలో ఉన్నప్పుడండీ,” అంటూ ఆవిడ తల తిప్పేసుకుంది.

సరిగ్గా అప్పుడే చిట్టెబ్బాయి నాలుగోసారి ఫోన్ చేశాడు. నూకరత్నం ఉలిక్కిపడి యంత్రాన్ని ఆపేసి, మళ్ళీ వెలిగించి ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోకి దూరింది. దొంగ దొరికింది. అప్‌డేట్ వచ్చినప్పుడు ‘మెమరీ పూర్తి వేగం’ అన్న గడిలో టిక్కు చెరిగిపోయింది, అంతే! టిక్కు పెట్టింది. తెర నిమిషంపాటు నల్లగా ఉండి వెలిగింది.

‘తూకం పూర్తి. విడిపోవచ్చు. వేలిముద్రలు వేయండి.’

“అదేంటండీ!” రిత్విక్ లేచి నిలబడ్డాడు. “మేం తొమ్మిదో ఏట ఉన్నాం.”

“అయిపోయిందండి. మిగతావి కూడా చూసేసింది.”

“అది చూస్తే సరిపోతుందా? కాపురం చేసింది మేమా, అదా?” అంది సహస్రమ్మ.

ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. వేలిముద్ర పడితే గాని యంత్రం తర్వాతి జంటను పిలవదు. వేయనంటే ఏం చేయాలో దాన్ని తయారుచేసినవాళ్ళకు తట్టినట్టు లేదు. ‘వేలిముద్రలు వేయండి’ అని పదకొండుసార్లు అడిగి, ఆఖరికి ‘దయచేసి’ అని కూడా చేర్చింది. వెనక వరసలోంచి ఎవరో అరిచారు: “మాకూ ఆ నెమ్మదిదే పెట్టండమ్మా!”

నూకరత్నం తెరవైపు చూసింది, లైసెన్సు గురించి ఆలోచించింది. నాలుగేళ్ళుగా ఈ హాల్లోంచి జనం అరసెకనులో బయటపడటం చూస్తోంది. ఒక్కరైనా వెనక్కి తిరిగి చూడగా ఆమె ఎరగదు. యంత్రాన్ని మళ్ళీ ఆపి, ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్ళి టిక్కు తీసేసింది.

“దొరికిందా?” అన్నాడు చిట్టెబ్బాయి ఐదోసారి ఫోన్ చేసి.

“దొరికిందండి.”

“బాగుచేశావా?”

“చేశానండి. చేసి, తీసేశాను.”

అటువైపు నుంచి వినపడిన మాటలు ఇక్కడ రాసేవి కావు.

సాయంత్రం కేంద్రం మూసేసరికి రిత్విక్, సహస్రమ్మ పద్నాలుగో ఏటికొచ్చి గొంతులు పోయేలా అరుచుకుంటున్నారు. పొద్దున్నే పదింటికి మళ్ళీ వస్తామని, అందాకా తమ వరుస చెదరనీయొద్దని గట్టిగా చెప్పి వెళ్ళారు. మిగతావాళ్ళలో సగంమంది విసుగెత్తి, జంటలు జంటలుగా టీ తాగడానికి పోయి తిరిగి రానేలేదు. జోనల్ ఆఫీసు పట్టికలో సామర్లకోట విడిచీట్ల సంఖ్య సున్నా అయ్యేసరికి అక్కడి యంత్రం ఊళ్ళో జనాభా ఖాళీ అయిందనుకుని కలెక్టరుకు హెచ్చరిక పంపింది.

నూకరత్నం మరమ్మతు పత్రం తీసింది. ‘వేగం’ దగ్గర నాలుగు వందలు అని రాసింది. ‘కారణం’ దగ్గర కాసేపు ఆలోచించి, ‘మనుషులు చదవడానికి వీలుగా’ అని రాసి, కింద తన వేలిముద్ర వేసింది.

పెట్టె మూత బిగిస్తుండగా ఫోన్ మోగింది. చిట్టెబ్బాయి కాదు, పెద్దాపురం కేంద్రం మెకానిక్.

“అక్కా,” అన్నాడు గొంతు తగ్గించి, “నీ సంగతి విన్నాను. తీసేయడానికి ఆ టిక్కు గడి ఎక్కడుంటుంది?”