పేసర్ వెనకాల స్వరూప

“షేర్వానీ ఏసుకొని ఉరుకుతవా? గింత దూరమా?” స్వరూప నోరు తెరిచింది.

“బారాత్ రన్ అన్నరు గదా. పెళ్లికొడుకు లేని బారాత్ ఏం బారాత్?” విజయేందర్ తలపాగా సర్దుకున్నాడు.

కుంటాల జలపాతం దగ్గర హాఫ్ మారథాన్ అది. పెళ్లి ఊరేగింపు థీమ్. డప్పుల మోతతో అడవి రోడ్డు మీద పరుగు. కరీంనగర్‌లో రోజూ మానేరు డ్యామ్ కట్ట మీద పరుగెత్తే బ్యాచ్ మొత్తం వచ్చింది. మిగతావాళ్లు టీషర్టులతోనే నుదుటికో బాసికం కట్టుకుని సరిపెట్టుకున్నారు. విజయేందర్‌కు అలా సరిపెట్టుకునే బుద్ధి లేదు. కారణం లక్ష్మణ్.

లక్ష్మణ్ మంచిర్యాల వైపు బొగ్గుగనుల కాలనీ కుర్రాడు, ఈ రన్‌లో పేసర్. అంటే జెండా పట్టుకుని ఒకే వేగంతో పరుగెత్తేవాడు. వెనకాలే ఉంటే జెండా మీద రాసిన టైముకు గమ్యం చేరుస్తాడు. లక్ష్మణ్ జెండా మీద రెండున్నర గంటలని ఉంది. పోయినసారి హైదరాబాద్‌లో ఆ టైము కొద్దిలో తప్పిపోతే స్వరూప రోడ్డు మీదే కూర్చుని ఏడ్చింది.

“ఈసారి లక్ష్మణ్‌ను ఇడిచిపెట్ట,” అని నెల రోజులుగా అందరికీ చెబుతోంది.

ఆ మాట విజయేందర్‌కు ముల్లులా గుచ్చుకుంది. పైగా స్వరూప బ్యాచ్‌లో మగవాళ్లందరినీ అన్నా అంటుంది, తనను తప్ప. ఆ భాగ్యం తనొక్కడిదే అని రెండేళ్లుగా లోలోపల మురుస్తూ, ప్రేమ సంగతి మాత్రం చెప్పలేక నాన్చుతున్నాడు. ఇప్పుడేమో లక్ష్మణ్‌ను కూడా అన్నా అనడం లేదు! ఇక ఆగితే లాభం లేదు. వాడికంటే ముందు ఫినిష్ లైన్ చేరాలి, స్వరూప రాగానే చెప్పెయ్యాలి.

డప్పు మోగింది. విజయేందర్ తోక తొక్కిన పాములా లేచాడు.

“మెల్లగ ఉరుకు! ముందే దమ్మంత ఒడిసిపోతది!” వెనక నుంచి స్వరూప అరిచింది.

పరుగు నేర్చినవాడెవడూ చెయ్యకూడని తప్పు అది. అతనికీ తెలుసు. కానీ ఆ అరుపు పక్కనే లక్ష్మణ్ నవ్వు వినిపించింది. ఇంకా జోరు పెంచాడు.

సగం దాటాక తుంపర మొదలైంది. షేర్వానీ తడిసి బరువెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే దూరంగా జెండా, జెండా పక్కన స్వరూప, ఆమెకు నీళ్ల ప్యాకెట్ అందిస్తూ లక్ష్మణ్. ఇంకా గట్టిగా పరుగు లంకించుకున్నాడు. అంతే, పిక్క పట్టేసింది. పెళ్లికొడుకు కల్వర్టు మీద కూలబడ్డాడు.

జెండా రానే వచ్చింది. స్వరూప గుంపులోంచి బయటికి ఉరికి అతని పాదం పట్టుకుని వంచింది. “చెప్పిన గదా!” అంది కోపంగా.

“నేను ఆగరాదు, ఎనక మస్తు మంది ఉన్నరు. వస్తవా, ఉంటవా?” లక్ష్మణ్ పరుగు ఆపకుండానే అడిగాడు.

స్వరూప జెండా వైపు చూసింది, విజయేందర్ వైపు చూసింది. ‘ఉండు’ అన్న మాట అతని పెదాల దాకా వచ్చింది. అంటే ఉండిపోతుంది. ఆ సంగతి ఆమె కళ్లలోనే కనిపిస్తోంది. కానీ హైదరాబాద్ రోడ్డు మీద కూర్చున్న ఆ ఏడుపు మొహం గుర్తొచ్చింది.

“పో,” అన్నాడు. “వాణ్ని ఇడిచిపెట్టకు.”

ఆమె పోయింది. తన నోటితోనే పంపించి, తనే కుళ్లుకుంటూ, కుంటుకుంటూ నడిచాడు. వెనక పడ్డవాళ్లను ఎక్కించుకునే వ్యాన్ వచ్చినా ఎక్కలేదు.

చాలాసేపటికి వానలో ఎదురుగా స్వరూప వచ్చింది, మెడలో మెడల్‌తో.

“వచ్చిందా టైము?”

“వచ్చింది!”

అతను నిజంగానే కేక పెట్టాడు. ఆ తర్వాతే గుర్తొచ్చింది. “లక్ష్మణ్ ఏడి?”

“ఉప్మా తినుకుంట పెండ్లాంతోని ఫోన్ల మాట్లాడుతుండు.”

“పెండ్లయిందా?”

“అయింది. నాకన్న చిన్నోడు, అన్న అని ఎట్లంట?”

“మరి నన్నెందుకు అనవు?”

“రెండేండ్లకు అడిగినవా?” స్వరూప మొహం తిప్పుకుంది.

“స్వరూపా, నువ్వంటే నాకు పానం. వాడి మీద కుళ్లుతోనే గట్ల ఉరికిన.”

“ఎరుకే. కల్వర్టు కాడ నువ్వు ఉండుమంటే ఉంటుంటి. కానీ మల్ల నీతోని మాట్లాడకపోతుంటి.” మళ్లీ తనే అడిగింది. “వచ్చేసారి టైము ఇంకా తగ్గియ్యాలె. మల్ల లక్ష్మణ్ ఎనకనే ఉరుకుత. నీకేం ఫికర్ లేదు గదా?”

లోపల చురుక్కుమంది. అబద్ధం ఆడబోయి మానుకున్నాడు.

“కుళ్లుకుంట. మస్తు కుళ్లుకుంట. అయినా నువ్వు ఉరుకు.”

స్వరూప నవ్వి, నలుగురూ చూస్తుండగానే అతని చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది.

“గట్లయితే మా బాపుతోని ఇయ్యాల్నే మాట్లాడుత,” అంది.