ఐదో గుండు

అక్టోబరు పద్నాలుగు. సాయంత్రం.

జర్మనీలో ష్వైన్‌ఫర్ట్ ఊరు దాటాక అడవిలో సైకిలు దారి.

ఒక్క తూటా!

శశికాంత్ పడిపోయాడు. ఆ తర్వాత నలభై నిమిషాలు బతికే ఉన్నాడని రిపోర్టులో రాశారు. ఎవరైనా ఒక్క ఫోన్ చేసి ఉంటే దక్కేవాడని హాస్పిటల్లో అన్నారు.

ఎవరూ చేయలేదు.

చుట్టుపక్కల వేటగాళ్ళ రైఫిళ్ళన్నీ పోలీసులు పట్టుకెళ్ళారు. బ్యారెల్ అనే తుపాకీ గొట్టం లోపలి గాట్లు ప్రతి తూటా మీదా గీతలు వదులుతాయి. శశికాంత్ ఒంట్లో దొరికిన తూటా గీతలు ఏ రైఫిల్‌తోనూ కలవలేదు. మనోహర్ రైఫిల్‌తో కూడా.

మనోహర్ పళ్ళ డాక్టరు. సెలవుల్లో వేటకు వెళ్తాడు. షూటింగ్ క్లబ్బులో శశికాంత్‌కి శిష్యుడు. ఆ రాత్రి అందరికంటే ముందు ఇంటికొచ్చి, శశికాంత్ భార్య ఊర్మిళ పక్కన కూర్చున్నది అతనే.

*

మార్చి. శనివారం. పగలు పదకొండు.

ఊర్మిళ క్లబ్బు ముందు కారు ఆపుతుంది. భర్త లాకర్ ఖాళీ చేయమని క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్ళూ రాలేకపోయింది.

ఠాప్!

లోపలెవరో కాలుస్తున్నారు.

నిశ్శబ్దం. ఒక నిమిషం... ఐదు... పది...

ఠాప్!

మళ్ళీ నిశ్శబ్దం.

ఊర్మిళ చెయ్యి కారు తలుపు మీదే ఆగిపోతుంది.

ఈ లెక్క ఆమెకు తెలుసు! కొత్త బ్యారెల్ బిగించినప్పుడు శశికాంత్ చేసే పని ఇది. ఒక్క గుండు కాల్చాలి. తూటా వదిలిన రాగి మరక పోయేదాకా లోపల తుడవాలి. మళ్ళీ ఒక్కటి. మళ్ళీ తుడుపు. పక్కన ఫ్లాస్కు పెట్టుకుని, నోట్‌బుక్‌లో ఆ గుండ్ల లెక్క రాసిపెట్టింది ఊర్మిళే.

బ్యారెల్ జీవితంలో ఈ పని ఒక్కసారే ఉంటుంది.

పార్కింగులో ఉన్నది మనోహర్ కారు.

మనోహర్ రైఫిల్‌ని పోలీసులు పోయినవారమే తిరిగిచ్చారు.

ఆమె కారు దిగి లోపలికి నడుస్తుంది.

*

"అరె, వదినా! ఒక్క ఫోన్ కొడితే సామానంతా నేనే తెచ్చిచ్చేవాణ్ణి కదా!"

మనోహర్ నవ్వుతున్నాడు. చేతిలో తుడిచే కడ్డీ. గదంతా అమ్మోనియా ఘాటు.

"దారిలోనేగా... వచ్చాను."

హ్యాండ్‌బ్యాగ్ బల్ల మీద పెడుతుంది. చూస్తుంది.

రైఫిల్ స్టాండులో ఉంది. వెనకనుంచి కడ్డీ దూర్చడానికి బోల్ట్ ఊడదీసి తువ్వాలు మీద పెట్టాడు; అది లేకుండా రైఫిల్ పేలదు. పక్కన తెరిచిన నోట్‌బుక్, తుడిచిన గుడ్డముక్కల కుప్ప.

నీలం. ముదురు నీలం! అమ్మోనియాలో కరిగిన రాగి రంగు.

"కాఫీ తాగుతారా వదినా?"

"ఇవ్వు."

అతను ఫ్లాస్కు వైపు తిరుగుతాడు.

బోల్ట్ ఆమె కోటు జేబులోకి వెళ్ళిపోతుంది.

"పోలీసులున్నారే, బుద్ధిలేని మనుషులు! మూడు గుండ్లు వరసగా కాల్చారట. మధ్యలో తుడవనేలేదు. అన్నయ్య ఉంటే తిట్టిపోసేవాడు!" కాఫీ పోస్తూ అంటున్నాడు.

ఊర్మిళ పదహారేళ్ళుగా లెక్కలు చెబుతోంది. క్లాసులో అడిగినట్టే అడుగుతుంది. నెమ్మదిగా.

"ఇప్పుడు ఎన్నోది?"

"నాలుగైంది వదినా. ఐదోది కాల్చాలి."

నోట్లోంచి వచ్చేసింది!

కాఫీ కప్పు మీదుగా పొర్లిపోతోంది. అతను ఆపడం లేదు.

"ఈ బ్యారెల్ ఆగస్టులోనే బిగించానన్నావు. నూట యాభై గుండ్లు కాల్చానన్నావు. పోలీసులకు రాసిచ్చావు."

"అంటే... ఇది మళ్ళీ ఒకసారి..."

"ఒక్కసారే, మనోహర్. అంటే ఈ బ్యారెల్ అక్టోబరు తర్వాత వేసింది. మీ అన్నయ్య నీకు నేర్పిన రోజు నేను ఇక్కడే కూర్చున్నాను."

అతని ముఖం మారిపోతుంది. కడ్డీ బల్ల మీద పెడతాడు. వెళ్ళి తలుపు మూస్తాడు.

"అడవిపంది అనుకున్నాను వదినా! పొద్దు వాలింది... పొదలు కదిలాయి... తల్లి మీద ఒట్టు!"

"పాత బ్యారెల్ ఎక్కడ?"

"మైన్ నదిలో. మా క్లినిక్ వెనక, వంతెన కింద."

"దగ్గరికి వెళ్ళావా?"

అతను బల్ల దగ్గరికొచ్చి, పొర్లిన కాఫీ గుడ్డతో అద్దుతాడు.

"వెళ్ళావా?!"

"వెళ్ళాను... నీళ్ళడిగాడు. ఇచ్చాను వదినా."

నీళ్ళిచ్చాడు!

ఊర్మిళకు ఏడుపు రాలేదు.

"నీళ్ళిచ్చావు. జేబులో ఫోన్ ఉంది. తీయలేదు."

"లైసెన్సు పోతుంది... జైలు... ఇద్దరు పిల్లలు వదినా! మీరే చెప్పండి, నేనేం చేయను?"

"నూట పన్నెండు నొక్కాలి. మూడు అంకెలు. మా ఐదో తరగతి పిల్లలకు వచ్చు!"

అతను తువ్వాలు వైపు చూస్తాడు.

బోల్ట్ లేదు!

ఊర్మిళ నోట్‌బుక్ లాక్కుంటుంది. తలుపు తోసుకుని... పరుగు!

*

కారు... తాళాలు!

హ్యాండ్‌బ్యాగ్ క్లబ్బులోనే ఉండిపోయింది. ఫోన్ అందులోనే!

వెనక్కి చూడదు. పొలానికి అడ్డం పడుతుంది. బురద. ఒక చెప్పు పోయింది. దూరంగా ఊరి మొదటి ఇల్లు. మూడు వందల మీటర్లు.

"వదినా! ఆగండి!"

ఆగదు.

చేతిలో నోట్‌బుక్. ఈరోజు తేదీ. ఒకటో గుండు నుంచి నాలుగో గుండు దాకా, అన్నయ్య నేర్పినట్టే, అతని చేతిరాతలో, తెలుగులో. ఒక్కటి కూడా వదలకుండా రాసుకున్నాడు. శ్రద్ధగల శిష్యుడు!

రెండు వందల మీటర్లు...

వెనక అడుగుల చప్పుడు లేదు. ఎందుకు ఆగిపోయాడు?

వంద...

సైరన్!

నీలం లైటు. దగ్గర్లో గస్తీలో ఉన్న పోలీసు కారు రోడ్డు మీద కీచుమని ఆగుతుంది. ఊర్మిళ చెయ్యి ఊపుతుంది. అమ్మయ్య... వచ్చారు!

"హెండే హోఖ్!"

పిస్టల్ ఆమె గుండెకు గురిపెట్టి ఉంది!

చేతులు పైకెత్తుతుంది. అర్థం కాదు.

పోలీసామె జేబు తడుముతుంది. బోల్ట్ బయటికి తీస్తుంది.

అప్పుడు అర్థమవుతుంది.

లైసెన్సు లేని మనిషి జేబులో బోల్ట్ ఉంటే, ఈ దేశంలో తుపాకీ ఉన్నట్టే. ఆ మాట చెప్పింది శశికాంతే. కోపంలో మరిచిపోయింది.

దూరంగా క్లబ్బు గుమ్మంలో మనోహర్. చెవి దగ్గర ఫోన్.

నలభై నిమిషాల్లో చేయని ఫోన్... ఈరోజు నిమిషంలో చేశాడు!

"నా భర్తను చంపింది అతను!" ఊర్మిళ జర్మన్‌లో అరుస్తుంది. "ఆ నోట్‌బుక్ చూడండి!"

పోలీసామె పేజీ తిప్పుతుంది. ఆ లిపి చూసి నుదురు ముడుస్తుంది. బోల్ట్‌తో పాటు ఒక సంచిలో వేసి మూతి అంటిస్తుంది.

చేతులకు బేడీలు. చన్నీళ్ళలా తగులుతున్నాయి.

ఆ పేజీ ఇంకా ఎవరూ చదవలేదు.

పాత బ్యారెల్ వంతెన కింద నీళ్ళలో ఉంది. దాన్ని ఇంకా పైకి తీయాలి.