సెల్విన్ ట్యాంకులో మిగిలింది

మిషన్ స్టార్ట్ కాకపోతే జనం ముందు దాన్ని తంతారు, తర్వాత తిడతారు, ఆఖరికి నా దగ్గరికి తెస్తారు. మొరూగా ఊరికి వెళ్లే దారిలో, రొట్టెల కొట్టు పక్కన ఉన్న రేకుల షెడ్డు నాది. గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే రంపాలు, మందు కొట్టే పంపులు... టూ స్ట్రోక్ ఇంజను ఏదైనా సరే, విప్పి చూస్తే దాని రోగం చెప్పేస్తాను. దానికి కావలసింది పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. మూడింట్లో ఒకటి లేకపోయినా ఆగి తీరాలి. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

యూలా అత్తయ్య తన మొగుడి గడ్డిమిషన్ తెచ్చింది సకల పునీతుల పండుగకు ముందురోజు పొద్దున. సెల్విన్ మామయ్య పోయి అప్పటికి నెల దాటింది. బతికున్నన్నాళ్లూ మా ఊరి సమాధుల తోటలో గడ్డంతా ఆయనే కోసేవాడు. పండుగ సాయంత్రం జనం కొవ్వొత్తులు పట్టుకుని వచ్చేసరికి ఎవరి కాలికీ గడ్డిపోచ తగలకూడదని ఆయన పంతం.

"ఆయన పోయిన రోజు నుంచి ఇది పలకడం లేదమ్మా ఎర్మిన్," అంది అత్తయ్య. "ఆయన సమాధి చుట్టూ అయినా శుభ్రం చేయించాలి. దీంతోనే చేయించాలి."

విప్పి చూశాను. ప్లగ్గు నిండా మసి. సైలెన్సర్ జాలీ పూర్తిగా మూసుకుపోయింది. కార్బురేటర్‌లో పలచటి రబ్బరు పొర అట్టలా బిగుసుకుపోయింది. మసి గీకాను, జాలీ కాల్చి దులిపాను, పొర మార్చాను. అంతే, తాడు లాగగానే అందుకుంది. అందులో దెయ్యమూ లేదు, భూతమూ లేదు.

ట్యాంకు అడుగున మాత్రం సెల్విన్ మామయ్య నూనె కలిపి పోసుకున్న పెట్రోలు కాస్త మిగిలి ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు, నా సీసాలోంచి పైపు తగిలించి నడిపి చూశాను. మా గడ్డికోతవాళ్ల ఆచారం అది. పనివాడు పోతే, ట్యాంకులో మిగిలింది అతని సమాధి మీద ఒంపి, "నీ పని అయిపోయింది" అని నోటితో చెప్పాలి. ఆ తర్వాతే ఇంకొకరు ఆ మిషన్ భుజాన వేసుకోవాలి.

అత్తయ్య గడ్డి కోసే పని మా తమ్ముడు ఆన్సెల్‌కి పురమాయించింది. వాడికి ఒకటికి రెండుసార్లు చెప్పాను.

"చచ్చినాయనకి పెట్రోలెందుకే అక్కా?" అన్నాడు మిషన్ పట్టీ భుజానికి తగిలించుకుంటూ. "పైలోకంలో కూడా గడ్డి పెరుగుతుందా?"

"వేళాకోళాలు చాల్లే. ముందు అది ఒంపు, తర్వాత నీది పోసుకో. విన్నావా?"

"విన్నానమ్మా తల్లీ, విన్నాను!"

నవ్వుకుంటూ పోయాడు. అమ్మ పోయాక నా చేతుల మీద పెరిగినవాడు. నెత్తి మీద జుట్టు పలచబడుతున్నా నాకు పిల్లాడే. నాకున్నది వాడొక్కడే.

మధ్యాహ్నం వాన కొట్టి వెలిసింది. తడి మట్టి వాసన, కోకో తోటలో కుళ్లిన ఆకుల వాసన గాలికి వస్తున్నాయి. సమాధుల తోట నుంచి మిషన్ చప్పుడు షెడ్డులోకి వినబడుతూనే ఉంది. పొద్దు వాలుతుండగా ఆ చప్పుడు మారింది. గడ్డి కోసే ఇంజను మోత ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇది దిగడం లేదు. సన్నగా, ఎత్తుగా, ఒకటే కూత. పెట్రోలు అయిపోయేముందు అలాగే కూస్తుంది, కాసేపట్లో ఆగిపోతుంది. చేతిలో పని ఆపి విన్నాను.

ఆగలేదు.

ఫోను మోగింది. అంత రొదలోనూ ఆన్సెల్ గుసగుసగానే మాట్లాడాడు, పక్కన ఎవరో వింటారన్నట్టు.

"అక్కా... ఇది ఆగట్లేదే."

"స్విచ్చి నొక్కరా సన్నాసీ!"

"నొక్కాను. చోకు మూశాను. పట్టీ కొక్కెం ఊడట్లేదు... రెండో చెయ్యి వదిలితే బ్లేడు కాలు తీసేస్తుంది. తొందరగా రావే. ఇది... నన్ను నడిపిస్తోంది."

పటకారు, కత్తి పట్టుకుని పరుగెత్తాను.

తోటలో మరో మనిషన్నవాడు లేడు. నీలం పొగ నేల మీద పరుచుకుని ఉంది. కాలిన నూనె కంపు. గేటు నుంచి లోపలికి గడ్డి నున్నగా కోసి ఉంది. ప్రతి సిలువ చుట్టూ గుండ్రంగా, ఒక్క పోచ మిగలకుండా. మా వాడు కోస్తే ఎలుకలు కొరికినట్టుంటుంది. ఈ కోత వాడిది కాదు.

ఆన్సెల్ సెల్విన్ మామయ్య సమాధి దగ్గర కనబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. కాళ్లు మాత్రం నిదానంగా అడుగులేస్తున్నాయి.

ముందు ప్లగ్గు టోపీ లాగేశాను. ఆగలేదు. లోపల మసి ఎర్రగా కాలుతుంటే నిప్పురవ్వ లేకపోయినా కాసేపు తిరుగుతుందిలే, అనుకున్నాను. కానీ ఆ మసి పొద్దున నేనే గీకానుగా!

పెట్రోలు పైపు పటకారుతో తెంపాను. పెట్రోలంతా నా చేతి మీదుగా కారిపోయింది. మంచులా చల్లగా ఉంది. ఎదురుచూశాను.

ఆగలేదు.

తలగుడ్డ తీసి మిషన్ గాలి పీల్చే నోట్లో కుక్కాను. పెట్రోలు లేదు. గాలి లేదు. నిప్పురవ్వ లేదు...

తిరుగుతూనే ఉంది.

"ఒంపలేదక్కా," అన్నాడు ఆన్సెల్. పెదాలు నల్లబడ్డాయి. "దాంట్లోనే... నాది పోశాను."

కత్తితో పట్టీ కోశాను. తెగదే! ఒక్కో పోగు పట్టి పట్టి కోశాను. బ్లేడు గాలి నా మోకాళ్లకు తగులుతోంది. "మామయ్యా, నీ పని అయిపోయింది," అన్నాను ఏడుస్తూ. "అయిపోయింది మామయ్యా, మా పిల్లాణ్ని వదిలెయ్..."

పట్టీ తెగింది. మిషన్ పక్కకు పడింది.

నిశ్శబ్దం.

వాడి కాళ్లు తడిమాను. రెండూ ఉన్నాయి. రక్తం లేదు. దేవుడా, బతికించావు అనుకున్నాను. వాడు లేచి ప్యాంటుకు అంటిన గడ్డి నెమ్మదిగా దులుపుకున్నాడు.

"పద," అన్నాడు.

వాడు ముందు, నేను వెనక. చీకటి పడిపోయింది. కూడలిలో మా ఇంటికి ఎడమకు తిరగాలి. వాడు కుడికి తిరిగాడు.

"ఒరేయ్, ఎటురా?"

యూలా అత్తయ్య గేటు ముందు ఆగాడు. తడుముకోకుండా లోపలికి చెయ్యి పెట్టి గడియ తీశాడు. ఆ ఇంటి కుక్క మహా చెడ్డది, సెల్విన్ మామయ్యకు తప్ప ఎవరికీ లొంగేది కాదు. ఒకసారి ఆన్సెల్ పిక్క పట్టుకుని వదల్లేదు. అది గొలుసు ఈడ్చుకుంటూ వచ్చింది. మొరగలేదు. వాడి బూట్ల మీద తల పెట్టి సన్నగా మూలిగింది.

"ఆన్సెల్!"

వంగి దాని చెవి నిమిరాడు.

"ఒరేయ్ ఆన్సెల్!"

తిరగలేదు. ఇంట్లో దీపం వెలిగింది.

గేటు పట్టుకుని నిలబడిపోయాను. ఇంకో పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. పిలవలేదు. పిలిస్తే... వాడు తిరిగి చూస్తాడేమోనని.