ముద్దనూరు ఖాతా

షబీనా ప్రొద్దుటూరులోని డిటెక్టివ్ హేమలత ఆఫీసులోకి వచ్చి, కూర్చోకుండానే ఏడవడం మొదలుపెట్టింది. చంకలో పాలు తాగే బిడ్డ. చేతిలో వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నోటీసు. హాజరు కాకపోతే అరెస్టు చేస్తామని అందులో ఉంది.

"ఎవురినో మోసం చేసిన సొమ్ము నా ఖాతాలో పడిందంట అక్కా. నేను యాడ మోసం చేసినా? ఉండే రెండు ఖాతాలూ రూపాయి తీసేకి లేకుండా బిగించినారు. బిడ్డకు పాలడబ్బా కొనేకి గూడా దిక్కు లేదు."

హేమలత సహాయకుడు అబ్రార్ మంచినీళ్లు ఇచ్చాడు. సంగతి మెల్లగా బయటికొచ్చింది. షబీనా భర్త అమ్జద్ కువైట్‌లో డ్రైవరు. బ్యాంకు కంటే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని జీతాన్ని క్రిప్టో కాయిన్లుగా పంపుతున్నాడు. పులివెందుల యశ్వంత్ నడిపే వాట్సాప్ గ్రూపులో ఆమె వాటిని అమ్ముతోంది. ఈసారి కొన్నవాడు ముంబై రోహిత్‌నని చెప్పుకున్నాడు.

"వాని మొగం చూసినావా?"

"లేదక్కా. ప్రొద్దుటూరు ఖాతా నంబరు పంపినా. దుడ్లు పడినట్టు మెసేజీ వచ్చింది, కాయిన్లు వదిలినా."

హేమలత మెసేజీ చూసి నొసలు ముడిచింది. "ఇది ప్రొద్దుటూరు బ్యాంకు కాదే."

"ముద్దనూరుది. కానుపుకు పుట్టింటికి పోయినప్పుడు, సర్కారు దుడ్లు పడేకి తెరిచింది. మళ్లా వాడిందే లేదు. యాడ పడితే ఏంది, నా ఖాతానే గదా అనుకుంటి. అదొకటుందని అమ్జద్‌కే తెల్దు."

పులివెందులలో యశ్వంత్ కాలు మీద కాలు వేసుకుని మాట్లాడాడు. "గ్రూపు పెట్టినా, కమీషన్ తీసుకుంటాండా. ఎవురు ఎవురికి అమ్ముకుంటే నాకేంది?"

"ఆమెను అరెస్టు చేస్తే?"

"అది ఆయమ్మ కర్మ."

బయటికి రాగానే అబ్రార్ పళ్లు కొరికాడు. "వీడే మేడం!"

"వీడు నీచుడు. అంతమాత్రాన దొంగ కాడు," అంది హేమలత.

జమ్మలమడుగులో షబీనా మేనమామ షఫీకి సెల్ షాపు ఉంది. ఆమె ఫోన్లో కాయిన్ల యాప్ వేసింది అతనే. పాపం, కళ్లు తుడుచుకున్నాడు. "మా అక్క గౌసియా చనిపోయినాక దానికి నేనే దిక్కు మేడం. కానుపప్పుడు ఆస్పత్రికి, బ్యాంకుకు నా స్కూటర్ మీదే తిప్పినా. ఆ నోటీసు చూసినప్పట్నుంచి ముద్ద దిగడం ల్యా."

మర్నాడు హేమలత షబీనాను, యశ్వంత్‌ను పిలిపించి అందరినీ ఆ షాపులోనే కూర్చోబెట్టింది. ఆమె కళ్లు నిప్పులు కురుస్తున్నాయి.

"షబీనా పంపింది ప్రొద్దుటూరు నంబరు. సొమ్ము పడింది ముద్దనూరులో. ముంబై వాడికి ఆ నంబరు ఎక్కడిది? భర్తకే తెలియదు, యశ్వంత్‌కు అసలే తెలియదు. తల్లి పోయింది. ఇక మిగిలింది స్కూటర్ మీద బ్యాంకుకు తిప్పిన మనిషి."

షఫీ నవ్వబోయాడు. "ఏంది మేడం, ఇదంతా ఊహే గదా?"

"ఇంకా కాయిన్లున్నాయని నిన్న షబీనాతో రోహిత్‌కు మెసేజీ పెట్టించాను. ఆశపోతు ఆ ఫోన్ ఆపేసి పెట్టడు. అబ్రార్, ఫోన్ కొట్టు."

అబ్రార్ షబీనా ఫోన్ నుంచి రోహిత్‌కు కాల్ చేశాడు. షఫీ కౌంటరు సొరుగులో ఫోన్ మోగింది.

"ఎవరినో మోసం చేసిన ముఠావాళ్ల దొంగసొమ్ము దీని ఖాతాలో వేయించావు. దీని మొగుడి కష్టార్జితం కాయిన్లు వాళ్లకు చేర్చి వాటా తిన్నావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడా! ఆ ఖాతానే ఎందుకు?"

షఫీ తల దించుకున్నాడు. "వాడని ఖాతా గదా... బిగిస్తే బిగించనీ, ఇల్లు గడిచేది ఇంకోటుంది గదా అనుకుంటి. రెండూ బిగిస్తారని నాకేం తెలుసు?"

అంత దయ ఉన్నవాడికి మేనకోడలి మెడకు ఉచ్చు బిగించడానికి మాత్రం చేతులొచ్చాయి. యశ్వంత్ మెల్లగా గుమ్మం వైపు జరిగాడు. "కూచో," అంది హేమలత, "నీకూ నోటీసు వస్తుంది."

"అయితే నన్ను వదిలేస్తారా అక్కా?" అంది షబీనా.

"లాయరును తీసుకుని ఆ పోలీసుల దగ్గరికి మనమే పోదాం, అరెస్టు కాకుండా చూద్దాం. కానీ ముక్కూ మొగం తెలియనివాడికి ఎందుకు అమ్మినావంటే జవాబు చెప్పాల్సింది నువ్వే. కోర్టు చెప్పేదాకా ఖాతాలు తెరవరు."

బయట పోలీసు జీపు ఆగింది. షఫీ బిడ్డ తల నిమరబోయాడు. షబీనా వెనక్కి జరిగింది.

"అమ్మీ పోయినాక, ఇంక ముద్దనూరుకు పోయే పని లేదని ఆ ఖాతా మూసేద్దామనుకుంటి మామూ. నువ్వు తోడొచ్చి తెరిపించినావని ఉంచుకుంటి."